"లెఫ్ట్ బేస్ కొలాప్స్, ఫిజియో చూడాలి": ఐసీయూలో ఒక ఫిజియో లంగ్ అల్ట్రాసౌండ్ నేర్చుకున్న కేసు

గుండె బైపాస్ తర్వాత రెండో రోజో మూడో రోజో తీసే ఎక్స్‌రేలో ఎడమవైపు కింది భాగం తెల్లగా కనిపించడం ఎంత మామూలంటే, మా యూనిట్‌లో దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. రౌండ్స్ అయ్యాక నోట్స్‌లో ఒక లైను పడుతుంది, "లెఫ్ట్ బేస్ కొలాప్స్, ఫిజియో చూడాలి" అని. ఇక మా పని మొదలు. పేషెంట్‌ని లేపి కూర్చోబెట్టడం, పక్కకి తిప్పడం, దీర్ఘంగా ఊపిరి తీయించడం, దగ్గించడం, చాలకపోతే పాజిటివ్ ప్రెషర్ (ఒత్తిడితో గాలి లోపలికి తోయడం) పెట్టడం, సాయంత్రం మళ్లీ ఇంకోసారి. ఆ తెలుపు నిజంగా ఊపిరితిత్తి ముడుచుకుపోవడం వల్ల వచ్చిందైతే ఈ శ్రమంతా సార్థకం. కానీ ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం వల్ల వచ్చిందైతే ఎంత దగ్గించినా ఆ నీరు ఎక్కడికీ పోదు. రొమ్ము ఎముక కోసి వైరుతో కుట్టిన మనిషికి నొప్పి మాత్రం మిగులుతుంది. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఈ రెండింటికీ తేడా చెప్పడం చాలాసార్లు కుదరదు.

నేను ఇంగ్లండ్‌లో ఒక ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రి ఐసీయూలో సీనియర్ ఫిజియోని. మా టీమ్‌లో ఒక అమ్మాయి లంగ్ అల్ట్రాసౌండ్ ఎలా నేర్చుకుంది, నేర్చుకునే దశలోనే ఆమె చేతికి వచ్చిన ఒక పేషెంట్ విషయంలో ఏం జరిగింది అన్నది రాస్తున్నాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నా, పేషెంట్‌ని గుర్తుపట్టేలా ఉండే వివరాలు మార్చాను. ఈ విషయంలో నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ప్రోబ్ (ఒంటి మీద పెట్టే స్కానింగ్ పరికరం) పట్టుకుని బొమ్మ తెచ్చుకోవడం కొద్ది వారాల్లో వచ్చేస్తుంది. ఏ ప్రశ్నతో ప్రోబ్ పట్టుకోవాలి, జవాబు వచ్చాక మనం చేసే పనిలో ఏది మానెయ్యాలి అన్నది నేర్పడానికే నెలలు పడుతుంది. కోర్సుల్లో దానికి ఇచ్చే టైము తక్కువ.

మన దగ్గర ఫిజియోథెరపీ సెంటర్‌లో భుజానికో మోకాలికో జెల్ రాసి పెట్టే అల్ట్రాసౌండ్ వేరు. అది ఒకటి లేదా మూడు మెగాహెర్ట్జ్‌తో చేసే ట్రీట్‌మెంట్, దాంట్లో బొమ్మ రాదు. నేను చెప్పేది స్కానింగ్ గురించి.

స్కానింగ్ ఫిజియోలకి మరీ కొత్తేమీ కాదు. 1980ల్లోనే ఇంగ్లండ్‌లో తొడ కండరం ఎంత తగ్గిందో అల్ట్రాసౌండ్‌తో కొలిచారు. 1994లో జూలీ హైడ్స్, మరియా స్టోక్స్ తదితరులు నడుం నొప్పి వచ్చినవాళ్లలో నొప్పి ఉన్న వైపే వెన్ను పక్కనుండే మల్టిఫిడస్ కండరం సన్నబడుతోందని చూపించారు. 2006లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో జరిగిన సమావేశంలో రిహాబిలిటేషన్ కోసం చేసే స్కానింగ్‌కి ఒక హద్దు గీసుకున్నారు. ఇదంతా కండరాలు, కీళ్ల వైపు జరిగిన పని. ఊపిరితిత్తుల వైపు దారి వేసింది ఫ్రాన్స్‌లో డేనియల్ లిక్టెన్‌స్టీన్ అనే ఐసీయూ డాక్టర్. గాలి ఉన్నచోట అల్ట్రాసౌండ్ పనికిరాదని అందరూ వదిలేసిన అవయవాన్ని ఆయన పట్టుకున్నాడు. 2004లో ఆయన బృందం ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న) పేషెంట్లలో స్టెతస్కోపు, బెడ్ పక్కన తీసే ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ మూడింటినీ సీటీ స్కాన్‌తో పోల్చి చూసింది. నీరు ఉందా లేదా అన్నది స్టెతస్కోపు 61 శాతం, ఎక్స్‌రే 47 శాతం, అల్ట్రాసౌండ్ 93 శాతం సరిగ్గా చెప్పాయి. ఊపిరితిత్తి గట్టిపడటం, అంటే కన్సాలిడేషన్ విషయంలో స్టెతస్కోపుకి వచ్చింది 36 శాతం, అల్ట్రాసౌండ్‌కి 97. అది చిన్న స్టడీయే, చేసినవాళ్లు చెయ్యి తిరిగిన వాళ్లు, కొత్తగా నేర్చుకున్న ఫిజియోకి ఆ నంబర్లు వస్తాయని నేనెప్పుడూ చెప్పను. కానీ మెడలో స్టెతస్కోపు వేసుకుని దాని మాట మీదే రోజంతా ట్రీట్‌మెంట్ చేసే మనలాంటి వాళ్లని ఆ 36 కాస్త కుదిపెయ్యాలి.

ఇక్కడి పద్ధతి

బ్రిటన్‌లో ఫిజియోథెరపిస్ట్ అన్నది చట్టం కాపాడే టైటిల్, హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థలో రిజిస్ట్రేషన్ లేకుండా ఆ పేరు పెట్టుకుంటే నేరం. సోనోగ్రాఫర్ (స్కానింగ్ చేసే మనిషి) అన్న టైటిల్‌కి మాత్రం అలాంటి రక్షణ లేదు. అందుకని ఫిజియో స్కాన్ చెయ్యకూడదని ఏ చట్టమూ అడ్డు చెప్పదు. వినడానికి బాగానే ఉంటుంది గానీ అసలు తలనొప్పి అక్కడే. అడ్డు చెప్పేవాడు లేడంటే హద్దు మనమే గీసుకోవాలి. ఏ అవయవం, ఏ ప్రశ్న, చదివిన బొమ్మని ఎవరికి చెప్పాలి, ఎక్కడ దాచాలి, ఎవరు మళ్లీ చూస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. మా సంఘం చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ ఇచ్చే ఇన్సూరెన్స్ కూడా మన స్కోప్‌లో, అంటే వృత్తి పరిధిలో ఉండి, ట్రైనింగ్ ఉండి, ఆ పని వచ్చు అని చూపించగలిగితేనే వర్తిస్తుంది. ఎవరో యూట్యూబ్ చూసి వార్డులో మెషిన్ తోసుకెళ్తే దేని కిందా రక్షణ ఉండదు.

ఐసీయూలో పనిచేసే ఫిజియోలు ఎక్కువగా తీసుకునే దారి ఇంటెన్సివ్ కేర్ సొసైటీ నడిపే ఫ్యూసిక్ అనే అల్ట్రాసౌండ్ ట్రైనింగ్. గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, రక్తనాళాలు ఇలా వేరువేరు మాడ్యూల్స్ ఉంటాయి, డాక్టర్లతో పాటు నర్సులూ ఫిజియోలూ చెయ్యొచ్చు. లంగ్ మాడ్యూల్‌కి ఆన్‌లైన్‌లో చదవాల్సింది, ఒక కోర్సు, తర్వాత సూపర్‌వైజర్ పక్కన ఉండగా కొన్ని, ఆయన తర్వాత చూసేలా కొన్ని స్కాన్లతో లాగ్‌బుక్, చివర్లో చేతి పరీక్ష ఉంటాయి.

చాలామంది కోర్సుతోనే ఆగిపోతారు. కోర్సు రోజు ఆరోగ్యంగా ఉన్న మోడల్ పడుకుని ఉంటాడు, మెషిన్ కొత్తది, గది చీకటి, మెంటర్ పక్కనే ఉంటాడు, బొమ్మ అద్దంలా వస్తుంది. వారం తిరక్కుండా ఐసీయూలో ఊబకాయంతో, డ్రెస్సింగులతో, మూడు డ్రెయిన్లతో, వైర్లతో ఉన్న మనిషి దగ్గరికి వచ్చేసరికి ప్రోబ్ పెట్టడానికి చోటే కనపడదు. సూపర్‌వైజర్ కన్సల్టెంట్ ఆ రోజు నైట్ డ్యూటీ చేసి ఇంటికెళ్లి ఉంటాడు. లాగ్‌బుక్ అలా డ్రాయర్‌లో పడి ఉంటుంది.

మా అమ్మాయి

ఆమెది గుంటూరు. విజయవాడలో బీపీటీ చేసి, ఇక్కడ మాస్టర్స్ చదివి, రిజిస్ట్రేషన్ తెచ్చుకుని మా టీమ్‌లో చేరింది. చెవులు చాలా మంచివి, అంటే స్టెతస్కోపు బాగా వింటుంది, ఆ ధీమా కూడా ఉంది. ఆ ధీమా నాకు నచ్చింది, ఎందుకంటే కొత్త మెషిన్ వచ్చింది కదా అని పాత పరీక్షలన్నీ వదిలేసే రకం కాదు.

ఆమె కోర్సుకి వెళ్లే ముందే మేము చేసిన పని ఒకటే. లంగ్ అల్ట్రాసౌండ్‌లో మంచి పట్టు ఉన్న ఒక కన్సల్టెంట్‌ని పట్టుకుని, వారానికి ఒక మధ్యాహ్నం ఆయన టైము రోటాలో అధికారికంగా రాయించాం. ఖాళీ ఉంటే చూద్దాం అన్న మాట మీద ఎవరి ట్రైనింగూ పూర్తవదు. ఆయన లేని రోజుల్లో ఆమె తీసిన ప్రతి క్లిప్ సేవ్ అవ్వాలి, తన అభిప్రాయం పక్కనే రాసి పెట్టాలి, ఆయన తర్వాత చూసి అవునో కాదో రాస్తాడు. ఆయన చూసేదాకా ఆ స్కాన్ ఆధారంగా ట్రీట్‌మెంట్ మార్చకూడదు. ఈ చివరి షరతు ఆమెకి అస్సలు నచ్చలేదు. "కళ్లకి కనిపిస్తున్నా ఊరుకోవాలా అక్కా?" అంది. ఊరుకోవద్దు, డాక్టర్‌ని పిలిచి వాళ్లనే చూడమను, కానీ సైన్ ఆఫ్ అయ్యేదాకా, అంటే నువ్వు ఒంటరిగా చెయ్యొచ్చని ఒప్పుకునేదాకా, నోట్స్‌లో నీ రిపోర్ట్ ఉండదు అన్నాను.

మొదటి వారాలు బొమ్మలోనే గడిచాయి. రెండు పక్కటెముకల మధ్య ప్రోబ్ నిలువుగా పెట్టి, మార్కర్ తలవైపు ఉంచితే, రెండు ఎముకల నీడలు, వాటి మధ్య, ఎముక అంచు కన్నా ఓ అర సెంటీమీటరు లోతులో మెరిసే గీత కనిపిస్తాయి. ఆ గీతే ప్లూరా, ఊపిరితిత్తిని కప్పి ఉండే పొర. ఊపిరితో పాటు అది అటూ ఇటూ జారుతూ ఉండాలి. దాని కింద సమాన దూరంలో అడ్డగీతలు వస్తే అవి ఏ లైన్స్, గాలి ఉందని అర్థం. ప్లూరా నుంచి కింద అంచు దాకా టార్చ్ లైటులా నిలువుగా దిగుతూ, ఏ లైన్స్‌ని చెరిపేస్తూ, ఊపిరితో కదిలేవి బీ లైన్స్. ఒక్క సందులో మూడు, అంతకన్నా ఎక్కువ కనిపిస్తే పట్టించుకోవాలి, రెండు వైపులా చాలా చోట్ల ఉంటే ఊపిరితిత్తి లోపల తడి పెరిగిందేమో అనుకోవాలి. ఇదంతా ఆమె చకచకా పట్టేసింది.

ఆమె ఇరుక్కుంది ఎడమ కింది భాగంలో. ఒకరోజు స్క్రీన్ మీద బూడిద రంగులో గట్టిగా, ఒకే తీరుగా ఉన్న ముద్దని చూపించి "అక్కా, ఇది స్ప్లీనా, కన్సాలిడేషనా?" అని అడిగింది. గట్టిపడిన ఊపిరితిత్తి అచ్చం కాలేయంలాగానో ప్లీహంలాగానో కనిపిస్తుంది, కొత్తవాళ్లు దాదాపు అందరూ ఇక్కడ తడబడతారు. ఎడమవైపు ఇంకో మోసం కూడా ఉంది, కడుపు నిండా నీళ్లుంటే నల్లగా కనిపించి ప్లూరల్ నీరు అనిపిస్తుంది. నేను జవాబు చెప్పలేదు. "డయాఫ్రం ఎక్కడుందో చూపించు" అన్నాను. ఛాతీనీ పొట్టనీ వేరుచేసే కండరం అది. వెతికింది, దొరకలేదు. అయితే అది ఏదైనా కావొచ్చు, పేరు పెట్టకు అన్నాను. ప్రోబ్‌ని ఇంకా వెనక్కి, మంచం వైపుకి నొక్కి, కొద్దిగా పైకి తిప్పితే మెరిసే వంపుగీత ఒకటి ఊపిరితో కదులుతూ వచ్చింది. ఆ ముద్ద గీతకి కింద ఉంది. ప్లీహమే. అప్పటి నుంచి ఆమె ప్రతి క్లిప్పూ డయాఫ్రం దగ్గరే మొదలుపెట్టేది, డయాఫ్రం దొరకని చోట "చూడలేకపోయాను" అని రాసేది. ఆ మాట రాయడం వచ్చాకే ఆమె లాగ్‌బుక్ మీద నాకు నమ్మకం కుదిరింది.

ఇంకో అలవాటు కూడా పెట్టాం, చూడటానికి చాదస్తంలా ఉంటుంది. జెల్ బాటిల్ ముట్టుకునే ముందు ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాయాలి. నా ప్రశ్న ఏమిటి? జవాబు అవును అయితే ఏం చేస్తాను, కాదు అయితే ఏం చేస్తాను? రెండింటికీ చేసే పని ఒకటే అయితే స్కాన్ చెయ్యక్కర్లేదు. "ఊరికే చూద్దామని" మొదలుపెట్టిన స్కాన్ ఎక్కడ ఆపాలో తెలియదు, ఏది కనిపిస్తే దాని వెనక పరిగెత్తుతాం.

పేషెంట్

68 ఏళ్ల పెద్దాయన, బైపాస్ అయి మూడో రోజు. ఛాతీ లోపలి ఎడమ మామరీ ధమని తీసి బైపాస్‌కి వాడారు. ట్యూబ్ తీసేశారు, స్వయంగా ఊపిరి తీసుకుంటున్నాడు, కానీ హై ఫ్లో నాజల్ ఆక్సిజన్ (ముక్కు గొట్టంతో వేగంగా ఇచ్చేది) 50 శాతం మీద ఉన్నాడు, తగ్గించబోతే శాచురేషన్ పడిపోతోంది. పొద్దుటి ఎక్స్‌రేలో ఎడమ బేస్ తెల్లగా ఉంది. నోట్స్‌లో మామూలు లైనే. స్టెతస్కోపులో ఎడమ కింద గాలి శబ్దం బాగా తగ్గింది, వేళ్లతో తడితే మొద్దుగా వినిపిస్తోంది. దగ్గు బలహీనంగా ఉంది, కఫం పెద్దగా లేదు. అంతకుముందు రోజు సాయంత్రం ఇంకో ఫిజియో పాజిటివ్ ప్రెషర్‌తో సెషన్ చేసింది, మార్పేమీ రాలేదని రాసింది.

మా అమ్మాయి కాగితం మీద రాసింది: "ఎడమ బేస్‌లో ఉన్నది నీరా, కొలాప్సా? కొలాప్స్ అయితే కుడివైపు పడుకోబెట్టి సెషన్ చేస్తాను. నీరు ఎక్కువగా ఉంటే సెషన్ ఆపి డాక్టర్‌కి చెప్తాను." అప్పటికి ఆమె లాగ్‌బుక్ సగం పైన నిండింది గానీ సైన్ ఆఫ్ కాలేదు. ఆ రోజు కన్సల్టెంట్ యూనిట్‌లోనే ఉన్నాడు.

పేషెంట్‌ని పడక మీద కొద్దిగా పైకి లేపి, నొప్పి మందు పడ్డాక, ఎడమ చెయ్యి తల వెనక పెట్టించింది. కర్విలినియర్ (వంపు తిరిగిన) ప్రోబ్, చంక వెనక గీత మీద. డయాఫ్రం ముందు పట్టుకుంది. దాని పైన నల్లటి ఖాళీ, అందులో తడిగుడ్డ కొసలా ఊగుతున్న ఊపిరితిత్తి అంచు. వెనక వెన్నుపూసల గీత డయాఫ్రం దాటి పైకి కూడా కనిపిస్తోంది. మామూలుగా గాలి అడ్డు రావడం వల్ల ఆ గీత డయాఫ్రం దగ్గరే ఆగిపోవాలి, పైకి కనిపిస్తోందంటే మధ్యలో గాలికి బదులు ఇంకేదో ఉందన్నమాట. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య దూరం 35 మిల్లీమీటర్లు వచ్చింది. 2006లో బాలిక్ బృందం వెంటిలేటర్ పేషెంట్ల మీద ఇచ్చిన లెక్క ఒకటుంది, మిల్లీమీటర్లని 20తో గుణిస్తే సుమారుగా మిల్లీలీటర్లు. అంటే ఓ 700. ఈయన వెంటిలేటర్ మీద లేడు కాబట్టి ఆ లెక్క అచ్చంగా అతకదు, అయినా కొంచెమా ఎక్కువా అన్నది తేలడానికి సరిపోతుంది.

అప్పుడే ప్రోబ్ ముందుకు జరిపినప్పుడు గుండె అంచు స్క్రీన్‌లోకి వచ్చింది, దాని పక్కన సన్నటి నల్లటి చార. ఆమె చెయ్యి ఆగిపోయింది. గుండె మా స్కోప్‌లో లేదు, ఎకో (గుండె స్కాన్) మాకు రాదు. అలాగని బైపాస్ అయిన మూడో రోజు గుండె చుట్టూ నల్లగా ఏదో కనిపిస్తే చూడనట్టు ఊరుకునే విషయం కాదు, టాంపొనేడ్ (ద్రవం గుండెని నొక్కెయ్యడం) అయితే ప్రాణం మీదికొస్తుంది. మేము ముందే రాసి పెట్టుకున్న నియమం ఇలాంటి రోజు కోసమే. పేరు పెట్టకూడదు, కొలవకూడదు, ఇంకా వెతకకూడదు. "నాకు ట్రైనింగ్ లేని చోట మామూలుగా లేనిది కనిపించింది, ఇప్పుడే వచ్చి చూడండి" అని చెప్పాలి, చెప్పిన టైము రాయాలి. ఆమె సరిగ్గా అదే చేసింది. కన్సల్టెంట్ వచ్చి ఎకో చేశాడు. గుండె చుట్టూ కొద్దిగా ద్రవం ఉంది, గుండె మీద ఒత్తిడి లేదు, మర్నాడు మళ్లీ చూద్దాం అన్నాడు. ఎడమ ప్లూరల్ నీరు మాత్రం ఆయన కూడా అదే చూశాడు.

ఆ పూట ఫిజియో సెషన్ జరగలేదు. ఈ కేసులో నాకు ముఖ్యంగా అనిపించేది అదే. నోట్స్‌లో "ఫిజియో చూడాలి" అని ఉంది, ఫిజియో చూసింది, ఈ సమస్యకి ఇప్పుడు ఫిజియో పని లేదని చెప్పింది. పదేళ్ల కిందట అయితే ఆ లైను రాయడానికి నాకు ధైర్యం చాలేది కాదు, ఆధారం కూడా ఉండేది కాదు.

మధ్యాహ్నం డాక్టర్లు అల్ట్రాసౌండ్ చూస్తూనే పిగ్‌టెయిల్ డ్రెయిన్ అనే సన్న గొట్టం వేశారు. సాయంత్రానికి రక్తం కలిసిన నీరు సుమారు 650 మిల్లీలీటర్లు వచ్చింది. మర్నాటికి ఆక్సిజన్ 35 శాతానికి దిగింది. అందరూ సంతోషించారు. కానీ అక్కడే ఆగిపోయింది, కిందికి రాలేదు. పడుకోబెడితే ఆయాసం, కూర్చుంటే నయం.

మళ్లీ కాగితం: "నీరు పోయింది కదా, ఇంకా ఎందుకు?" ఇది సరైన ప్రశ్న కాదని తిప్పి పంపాను. రెండోసారి రాసింది: "మిగిలిన కొలాప్స్ ఉందా? ఎడమ డయాఫ్రం కదులుతోందా?" స్కాన్‌లో నీరు దాదాపు లేదు. కింది భాగంలో ఊపిరితిత్తి ఇంకా గట్టిగానే ఉంది, లోపల తెల్లటి గాలి చుక్కలు కనిపిస్తున్నాయి, కానీ ఊపిరితో కదలడం లేదు. అవి కదులుతుంటే న్యుమోనియా వైపు ఆలోచించేవాళ్లం, కదలకపోతే గాలి అందక ముడుచుకుపోయిన వైపు. జ్వరం లేదు, తెల్లకణాలు కూడా తగ్గుతున్నాయి, కాబట్టి రెండోదే అన్నాడు కన్సల్టెంట్.

డయాఫ్రం దగ్గర ఆయన పక్కనే నిలబడ్డాడు, ఎందుకంటే ఆ భాగం ఆమె అప్పుడే మొదలుపెట్టింది. లీనియర్ ప్రోబ్‌తో ఎనిమిదీ పదీ పక్కటెముకల మధ్య, చంక మధ్య గీత మీద చూస్తే డయాఫ్రం కండరం రెండు మెరిసే గీతల మధ్య సన్నటి నల్లటి పట్టీలా కనిపిస్తుంది. ఊపిరి తీసినప్పుడు అది లావెక్కాలి. కుడివైపు 2.0 మిల్లీమీటర్ల నుంచి 2.8కి వెళ్లింది, అంటే 40 శాతం. ఎడమవైపు 1.6 నుంచి 1.7, సుమారు ఆరు శాతమే. 20 శాతానికి తక్కువైతే ఆ కండరం సరిగ్గా పనిచెయ్యట్లేదని అనుమానించాలి. తర్వాత ముక్కుతో గట్టిగా ఎగపీల్చమన్నారు. కుడి డయాఫ్రం కిందికి దిగింది, ఎడమది పైకి వెళ్లింది.

బైపాస్‌లో ఫ్రెనిక్ నరం, అంటే డయాఫ్రంని నడిపే నరం, దెబ్బతినడం తెలిసిన విషయమే. గుండెని చల్లబరచడానికి వాడే ఐసు వల్ల కావొచ్చు, మామరీ ధమని తీసేటప్పుడు నరం మీద లాగుడు పడి కావొచ్చు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పేషెంట్ స్వయంగా ఊపిరి తీసుకుంటున్నాడు కాబట్టే ఈ పరీక్షకి అర్థం ఉంది. వెంటిలేటర్ గాలి తోస్తుంటే పనిచెయ్యని డయాఫ్రం కూడా కిందికి దిగుతుంది, తోసేది మెషిన్ కదా. ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు "డయాఫ్రం బాగా కదులుతోంది" అని రాసుకొస్తే నేను ముందు చూసేది వెంటిలేటర్ సెట్టింగులే.

ఈసారి ఫిజియోకి పని ఉంది, కానీ నోట్స్‌లో మొదట రాసిన పని కాదు. వెల్లకిలా పడుకోబెట్టడం మానేశాం, వీలైనంతసేపు కుర్చీలో, లేకపోతే తల బాగా ఎత్తి. ఎడమ ఊపిరితిత్తి పైకి వచ్చేలా కుడి పక్కకి తిప్పి చిన్న చిన్న సెషన్లు, అవి కూడా ఆయాసం రాకముందే ఆపేయడం. డాక్టర్లు రాత్రిళ్లు మాస్క్ వెంటిలేషన్ పెట్టారు. నడక మొదటి రోజు కుర్చీ నుంచి కిటికీ దాకా. కుటుంబానికి కూడా చెప్పాం, ఇది కఫం అడ్డుపడి రోజుల్లో పోయే సమస్య కాదు, నరం కోలుకోవాలి, నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది అని. అప్పటిదాకా ఆయన భార్య, ఈయన బద్ధకంతో లేవట్లేదని కోప్పడుతూ ఉండేది, ఆవిడ ముఖం మారిపోయింది. వార్డుకి వెళ్లేసరికి ఆక్సిజన్ లేకుండా ఉన్నాడు, పడుకుంటే ఆయాసం మిగిలింది. కొన్ని నెలల తర్వాత చెస్ట్ క్లినిక్‌లో చూసినప్పుడు ఎడమ డయాఫ్రం కొంత లావెక్కుతోంది, పూర్తిగా కాదు.

ట్రైనింగ్ సంగతి మళ్లీ

మా అమ్మాయి లాగ్‌బుక్ పూర్తిచేసి పరీక్ష పాసయింది. ఈ కేసు తర్వాత మేము మార్చిందేమిటంటే, గుండె దగ్గర కనిపించే వాటి గురించి అరగంట క్లాసు పెట్టించాం, అది ఎకో నేర్పడానికి కాదు, మామూలుగా లేదని గుర్తుపట్టి ఆగడానికి. అలాగే బీ లైన్స్ రెండు వైపులా నిండుగా కనిపించే పేషెంట్లు వేరే కథ, వాళ్లలో కొందరికి కావాల్సింది మా చేతులు కాదు, నీరు పోయే మందు. అది మేము నిర్ణయించం, కానీ మేము చెప్పడం వల్ల ఆ చర్చ రౌండ్స్ దాకా ఆగకుండా పొద్దున్నే జరుగుతోంది. చర్మం కింద గాలి చేరిన వాళ్లలో స్కాన్ దాదాపు పనికిరాదు, అక్కడ కాగితం మడిచి జేబులో పెట్టుకోవడమే.

మా మేనేజర్‌కి నచ్చని సంగతి ఒకటుంది. అల్ట్రాసౌండ్ నేర్చుకున్నాక ఫిజియో సెషన్ల సంఖ్య కొన్ని రోజులు తగ్గినట్టు కనిపిస్తుంది. లెక్కలు సెషన్లలో రాసే చోట, చెయ్యకుండా ఆపిన సెషన్‌కి గడి లేదు. దీని మీద నాకూ ఆయనకీ ఇంకా వాదన నడుస్తూనే ఉంది.

ఇక గుంటూరులో ఆమె క్లాస్‌మేట్స్ అందరూ అడిగేది ఒకటే, మేము కూడా చెయ్యొచ్చా అని. సూటిగా చెప్తాను, ఇప్పుడున్న చట్టంలో కుదరదు. 1994లో వచ్చి, 1996 నుంచి అమల్లో ఉండి, 2003లో ఇంకా గట్టిపడిన పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులో బిడ్డ ఆడో మగో తేల్చడాన్ని నిషేధించేది) ఆడపిల్లని కడుపులోనే చంపకుండా ఆపడానికి పుట్టింది. అందుకే అది అవయవాన్ని చూడదు, మెషిన్‌ని చూస్తుంది. మోకాలు చూసినా ఊపిరితిత్తులు చూసినా ఆ మెషిన్ రిజిస్టర్ అయి ఉండాలి, నడిపేది చట్టం చెప్పిన అర్హతలున్న డాక్టరే అయి ఉండాలి. ఆ జాబితాలో ఫిజియో లేడు. తప్పితే మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా. కొన్ని కంపెనీలు ఫోన్‌కి తగిలించే చిన్న ప్రోబ్‌లు చూపించి ఊరిస్తాయి, వాటికేమీ మినహాయింపు లేదు. ఆ చట్టం ఎందుకొచ్చిందో మన జిల్లాల్లో పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, దాన్ని తేలిగ్గా తీసుకోమని నేను ఎవరికీ చెప్పను. ఛాతీకీ కండరాలకీ పరిమితమైన ప్రోబ్‌లకి, గట్టి నిఘాతో, వేరే దారి ఉండాలని మాత్రం అనుకుంటాను. అది ఫిజియోలు ఒక్కరే అడిగితే వచ్చేది కాదు, రేడియాలజిస్టులతో కలిసి అడగాలి.

అప్పటిదాకా అక్కడ చెయ్యగలిగింది లేకపోలేదు. విజయవాడ, హైదరాబాద్ పెద్దాసుపత్రుల ఐసీయూల్లో డాక్టర్లు రోజూ ఊపిరితిత్తుల స్కాన్ చేస్తూనే ఉన్నారు. ఆ టైముకి వెళ్లి పక్కన నిలబడండి, ప్రోబ్ ముట్టుకోవద్దు, అడగండి చాలు. "సార్, కింద ఉన్నది నీరా, కొలాప్సా? డయాఫ్రం రెండు వైపులా కదులుతోందా? ఈ పూట నేను సెషన్ చెయ్యాలా, ఆపాలా?" చాలామంది డాక్టర్లు స్క్రీన్ మీవైపు తిప్పి మరీ చూపిస్తారు.